మెడ తిరగని వ్యాధులు రెండు

నల్లగొండ ప్రాంతంలో ఎవరైనా మెడ తిప్పలేక, వెనక నుంచి పిలిస్తే ఒళ్ళంతా ఇటు తిప్పి పలికితే, చూసినవాళ్ళు రెండో ఆలోచన లేకుండా "ఫ్లోరైడు" అనేస్తారు. అనేవాళ్ళను తప్పు పట్టలేము. తరతరాలుగా ఆ నేల మీద బిగిసిన మెడకూ వంగిన నడుముకూ కారణం వెతకడానికి ఎవరూ ఎంతో దూరం పోవలసిన అవసరం లేకపోయింది. పెరట్లో బావి ఉంది, వాడకట్టులో బోరింగు ఉంది, రెండింటిలోనూ నీళ్ళున్నాయి. అంతకంటే సాక్ష్యమేమి కావాలి?

అయితే మెడను బిగించే వ్యాధి అదొక్కటే కాదు. యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అని ఇంకొకటి ఉంది. వెన్ను కీళ్ళలో వాపు రగిలి, రగిలిన చోట కొత్త ఎముక పెరిగి, క్రమంగా పూసలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయే జబ్బు. దీనికి నీళ్ళతో సంబంధం లేదు. ఏ ఊళ్ళోనైనా రావచ్చు, నల్లగొండ ఊళ్ళలోనూ వస్తుంది. పైకి చూస్తే రెండూ కవల పిల్లల్లా ఉంటాయి. లోపల మాత్రం ఒకదానికి చేయవలసినది ఇంకొకదానికి చాలదు. ఈ రెండింటి చరిత్రలనూ పక్కపక్కన పెట్టి చూడాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం. మెడ వ్యాయామం అనే చిన్న విషయం ఈ చరిత్రలో ఎక్కడ, ఎందుకు వచ్చిందో చెప్పడం కూడా.

మోత్కూర్ వైపు నుంచి ఆలోచిస్తే ఈ చిక్కు ఇంకా బాగా తెలుస్తుంది. 2016 అక్టోబరు దాకా మోత్కూర్ నల్లగొండ జిల్లాలో ఒక మండల కేంద్రం, ఆ తరువాత యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వచ్చింది. ఫ్లోరైడు అనగానే ముందుగా వినిపించే పేర్లు మర్రిగూడ, మునుగోడు, చండూరు, నారాయణపూర్. మోత్కూర్ ఆ ముందు వరుసలోని పేరు కాదు. కానీ జిల్లా పేరే జబ్బు పేరుగా మారిపోయినప్పుడు వరుసలెవరు చూస్తారు? మోత్కూర్ మనిషి మెడ పట్టేసినా అదే మాట, మర్రిగూడ మనిషి మెడ పట్టేసినా అదే మాట.

*

మన పాతవాళ్ళు ఈ లక్షణానికి మంచి పేరు పెట్టారు: మన్యాస్తంభం. మన్య అంటే మెడ వెనుక భాగం, స్తంభం తెలిసినదే. సుశ్రుతుడు వాతవ్యాధులలో దీన్ని చెబుతూ పగటి నిద్ర, సరిలేని కూర్చోవడం నిలబడడం, పైకి తేరిపార చూడడం వంటివి కారణాలుగా ఎంచాడు. మన కాలపు మెడనొప్పులకు ఆ జాబితా ఇప్పటికీ పనికొస్తుంది. కానీ పొద్దున పట్టి సాయంత్రానికి వదిలే పట్టు వేరు, ఏళ్ళ తరబడి బిగుస్తూ ఇక వదలని బిగువు వేరు. ఈ రెండో రకం గురించే మన కథ.

ఆ కథ తెలుగు నేల మీద పశువులతో మొదలయింది. 1930ల తొలినాళ్ళలో నెల్లూరు జిల్లా రైతులు, కొని తెచ్చుకున్న ఎడ్లు కొంతకాలానికి కాళ్ళు బిగిసి నడవలేకపోవడం గమనించారు. 1934లో మహాజన్ అనే పరిశోధకుడు హైదరాబాదు రాజ్యపు పశువులలో ఇటువంటి జబ్బునే పేర్కొన్నాడు. 1935లో విశ్వనాథన్ మద్రాసు రాజధాని పశువుల గురించి రాశాడు. ఎద్దు కుంటితే రైతుకు వెంటనే తెలుస్తుంది, అరక ఆగిపోతుంది కనుక. తన మెడ బిగిస్తే వయసు మీద పడిందనుకుంటాడు.

మనుషుల వంతు 1937లో వచ్చింది. షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, మన్నాడి నాయర్ అనే నలుగురు వైద్యులు నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్ మీద ఆ ఏడాది పత్రం ప్రకటించారు. పొదిలి, దర్శి ప్రాంతాలవి. అప్పుడవి నెల్లూరు జిల్లాలోవి, 1970లో కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరాయి. మన దేశంలో నీటి వల్ల మనుషుల ఎముకలకు పట్టే ఈ గతిని సవివరంగా నమోదు చేసిన తొలి రచన అదే. కర్రలా బిగిసిన వెన్ను, తిరగని మెడ, పైకి లేవని చేతులు, మరీ ముదిరితే వెన్నుపాము నలిగి చచ్చుబడే కాళ్ళు, ఇవన్నీ వైద్య సాహిత్యంలోకి మన పల్లెల నుంచే వెళ్ళాయి.

(రామాయణంలో పిడకలవేట అనుకోకపోతే ఆ నలుగురి గురించి ఒక్క మాట. షార్ట్ అప్పుడు మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ వాడు. ఆ తరువాత ఇంగ్లండు వెళ్ళి, మలేరియా క్రిమి మనిషి ఒంట్లో మొదట కాలేయంలో తలదాచుకుంటుందని 1948లో గార్న్‌హామ్‌తో కలిసి నిరూపించిన షార్ట్ ఈయనే. బర్నార్డ్ పేరు మద్రాసు వైద్య కళాశాలలోని ఎక్స్‌రే విభాగానికి నేటికీ ఉంది. మలేరియా చరిత్ర రాసేవాళ్ళు షార్ట్‌ను తలచుకుంటారు గానీ పొదిలి దగ్గరి పల్లెల్లో బిగిసిన మెడలను చూసిన షార్ట్‌ను ఎవరూ తలచుకోరు.)

ఆ పత్రానికి ముందే, 1932లో, కోపెన్‌హాగన్‌లో మోలర్, గుడ్యోన్‌సన్ అనే ఇద్దరు ఇదే ఎముకల తీరును ఇంకొకచోట చూశారు. గ్రీన్‌లాండు నుంచి తెచ్చిన క్రయొలైటు రాయిని పొడి చేసే కార్ఖానాలో, ఆ దుమ్ము పీల్చిన కూలీలలో. ఆ రాతిలోనూ ఫ్లోరిన్ ఉంది. అక్కడ ముక్కు ద్వారా, ఇక్కడ నోటి ద్వారా. అక్కడ కార్ఖానా మానేస్తే సరిపోయేది. ఇక్కడ నీళ్ళు తాగడం మానేయమని ఎవరికి చెబుతాము?

నల్లగొండ పేరు వైద్య పత్రికకెక్కినది 1955లో. ఎ. హెచ్. సిద్దిఖీ అనే వైద్యుడు "హైదరాబాదు దక్కను, నల్లగొండ జిల్లాలో ఫ్లోరోసిస్" అన్న అంశం మీద బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. హైదరాబాదు రాష్ట్రం ఇంకా ఆంధ్రప్రదేశ్‌లో కలవని ఏడాది అది. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఫ్లోరైడు ప్రాంతాలలో మోకాళ్ళు లోపలికి వంగిపోతున్న యువకుల గురించి లాన్సెట్‌లో రాశారు. మెడ దగ్గర నలిగే వెన్నుపాము గురించి దశాబ్దాల పాటు పని చేసినవారు న్యూరోసర్జన్ దేమే రాజారెడ్డి. నిమ్స్‌కు సంచాలకులుగా ఉన్నారు. ఆయనను ఆంధ్ర నాణేల పరిశోధకుడిగా ఎరిగినవాళ్ళు మనలో ఎక్కువమంది ఉండవచ్చు. శాతవాహన నాణెం మీది చెరిగిన అక్షరాన్ని చదివిన చూపే ఎక్స్‌రే ఫిల్ము మీదా పని చేసిందన్నమాట.

నీళ్ళను బాగు చేసే ఉపాయానికి కూడా ఆ జిల్లా పేరే పెట్టారు. నాగపూరులోని నీరి సంస్థ 1970ల మధ్యలో రూపొందించిన పద్ధతిని నల్లగొండ టెక్నిక్ అంటారు. పటికా సున్నమూ కలిపి ఫ్లోరైడును అడుగుకు దింపడం, క్రిములకు బ్లీచింగ్ పొడి వేయడం, పైనీళ్ళు వంపుకోవడం, అంతే. ఆఫ్రికా దేశాల నీటి పుస్తకాలలోనూ నల్లగొండ అన్న మాట ఉంది, ఈ టెక్నిక్ పుణ్యమా అని. పేరైతే ప్రపంచమంతా తిరిగింది. ఆ పటిక కలిపే పని ఇంటింటా రోజూ నడవాలంటే ఎంత కష్టమో, మోసుకొచ్చిన బిందెడు నీళ్ళను గంటసేపు ముట్టకుండా ఆగవలసిన ఇల్లాలికి తెలుసు. నెత్తి మీద బిందె నిలవడానికి మెడ ఎంత నిబ్బరంగా ఉండాలి! ఆ నిబ్బరమైన మెడ మోసుకొచ్చిన నీళ్ళే ఆ మెడను బిగించాయి. ఈ సంగతి ఎన్నిసార్లు తలచుకున్నా నాకు మింగుడు పడదు.

నల్లగొండ గోడు ఢిల్లీకి వినిపించినది కూడా ప్రత్యేకమైన తీరులోనే. 1996 లోక్‌సభ ఎన్నికలలో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. నీటి కోసం దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జలసాధన సమితి వేయించిన నామినేషన్లవి. బ్యాలెట్టు కాగితం కాస్తా బ్యాలెట్టు పుస్తకమయింది. మర్రిగూడ మండలం శివన్నగూడెం వాడైన అంశాల స్వామి, ఎముకలు వంకరలు తిరిగిన చిన్న శరీరంతో, నాటి ప్రధాని వాజపేయి ఎదుటికి వెళ్ళాడు. 2023 జనవరిలో చనిపోయేదాకా ఫ్లోరైడు ఉద్యమానికి ముఖం అతడే. 2016 ఆగస్టులో ప్రారంభమైన మిషన్ భగీరథ ద్వారా నదీజలాలు ఇళ్ళకు చేరాయి. తెలంగాణలో ఫ్లోరైడు పీడిత ఆవాసాలు ఇక లేవని 2020లో కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. ప్రభుత్వ లెక్కలను ఎవరెంత నమ్ముతారన్నది వారి వారి ఇష్టం. కానీ నల్లా నీళ్ళు వచ్చాక పుట్టి పెరిగిన పిల్లల పళ్ళు చూస్తే తేడా ఉంది, అది మాత్రం ఒప్పుకోవాలి.

ఇక్కడే నా అసలు మాట. బిగిసిన పాత ఎముకను మంచినీళ్ళు సడలించలేవు కనుక, ముసలివాళ్ళలో ఆ మెడలు ఇంకా కొంతకాలం కనిపిస్తూనే ఉంటాయి. కానీ ఇవాళ ఇరవై రెండేళ్ళ కుర్రవాడో, అమ్మాయో, పొద్దున లేవగానే నడుమూ మెడా కదలడం లేదని చెబితే, దాన్ని తాతగారి బావి ఖాతాలో వేయడం తగదు. నీళ్ళు మారాయి. అలవాటైన మాట మారలేదు.

*

ఇక రెండో వ్యాధి చరిత్రకు వద్దాము. 1690లలో బర్నార్డ్ కానర్ అనే ఐర్లండు వైద్యుడు ఫ్రాన్సులో ఒక అస్థిపంజరాన్ని చూశాడు. కటి ఎముక నుంచి వెన్నుపూసలు, పక్కటెముకలు అన్నీ కలిసి ఒకే ఎముకగా పోతపోసినట్టున్నాయి. ఆ మనిషి బతికి ఉండగా ఇటూ అటూ వంగనూలేడు, తిరగనూలేడు అని కానర్ ఊహించాడు. ఆ వర్ణన రెండు వందల ఏళ్ళు పుస్తకాలలో నిద్రపోయింది. పందొమ్మిదో శతాబ్దం చివర రష్యాలో బెఖ్తెరెవ్ 1893లో, జర్మనీలో స్ట్రుంపెల్ 1897లో, ఫ్రాన్సులో పియర్ మరీ 1898లో, ముగ్గురూ కొద్ది ఏళ్ళ తేడాతో ఈ జబ్బును వివరించారు. అందుకే చాలాకాలం ఆ మూడు పేర్లతోనూ దీన్ని పిలిచారు. రష్యాలో ఇప్పటికీ ఇది బెఖ్తెరెవ్ జబ్బే.

1973లో ఒక పెద్ద మలుపు. లండనులోనూ లాస్ ఏంజెలెస్‌లోనూ విడివిడిగా పని చేస్తున్న రెండు బృందాలు, ఈ రోగులలో అత్యధికుల రక్తంలో హెచ్ఎల్ఏ-బి27 అనే ఒకే జన్యు గుర్తు ఉందని కనుగొన్నాయి. ఐరోపా సంతతి రోగులలో అది 90 శాతం పైమాటే. అయితే ఆ గుర్తు ఉన్నవాళ్ళందరికీ జబ్బు రాదు, చాలామందికి రానే రాదు. రక్తపరీక్ష కాగితం ఒక్కటి చేతబట్టుకుని కంగారు పడనక్కరలేదని చెప్పడానికే ఈ మాట. లాన్సెట్‌లో నల్లగొండ ప్రస్తావన వచ్చిన ఆ 1973లోనే ఈ ఆవిష్కరణ కూడా జరగడం కాకతాళీయమే గానీ, ఈ రెండు జబ్బుల జాతకాలు ఇలా కలుస్తూ ఉంటాయి.

ఒకదాన్ని ఇంకొకటిగా పొరబడడం మన దగ్గరే కాదు. ఈజిప్టు రాజు రెండవ రామ్‌సెస్ మమ్మీకి తీసిన పాత ఎక్స్‌రేలను బట్టి ఆయనకు యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ ఉండేదని పుస్తకాలు చాలాకాలం రాశాయి. 2014లో సాహర్ సలీమ్, జాహి హవాస్ అనే ఈజిప్టు పరిశోధకులు సీటీ స్కాన్ చిత్రాలు చూసి, అది కాదు, వయసు మళ్ళినవారిలో వెన్ను ముందరి స్నాయువు ఎముకగా మారే వేరొక స్థితి అని తేల్చారు. మూడు వేల ఏళ్ళ క్రితం చనిపోయిన చక్రవర్తికి రోగనిర్ధారణ మారినా పోయేదేమీ లేదు. బతికి ఉన్న మోత్కూర్ పిల్లవాడికి చాలా పోతుంది.

మరి తేడా తెలిసేదెలా? ఫ్లోరోసిస్‌లో ఎముక బరువెక్కుతుంది. ఎక్స్‌రేలో సుద్దముక్కలా తెల్లగా కనిపిస్తుంది. ముంజేతి రెండు ఎముకల నడుమ ఉండే పలచని పొర కూడా ఎముకగా మారుతుంది. చిన్నతనంలో ఆ నీళ్ళు తాగి ఉంటే పళ్ళ మీద గార, చారలు ఉంటాయి. నడుము కింద కటి ఎముకను వెన్నుతో కలిపే కీలు మాత్రం సాధారణంగా చెడదు. రెండో వ్యాధి సరిగ్గా ఆ కీలు దగ్గరే మొదలవుతుంది. అక్కడ అంచులు కొరికినట్టయి, ఆపైన పూర్తిగా అతుక్కుంటుంది. వెన్ను వెదురుగడలా కనిపిస్తుంది. పైకి కొత్త ఎముక పెరుగుతుంది గానీ లోపలి ఎముక గుల్లబారుతుంది. ఒకచోట ఎముక రాయి, ఇంకొకచోట ఎముక బెరడు. బిగువు మాత్రం ఒకటే.

యంత్రాలు లేకుండా, అడిగి తెలుసుకోగలిగిన తేడాలూ కొన్ని ఉన్నాయి. రెండో వ్యాధి నొప్పి నలభై అయిదు ఏళ్ళ లోపే, ఎక్కువమందిలో ఇరవైలలోనే మొదలవుతుంది. పడుకుంటే పెరుగుతుంది, తిరిగితే తగ్గుతుంది. తెల్లవారుజామున నొప్పితో మెలకువ వస్తుంది. లేచాక అరగంటకు పైగా ఒళ్ళు కర్రలా ఉండి, పనిలో పడితే సడలుతుంది. కొందరిలో ఉన్నట్టుండి కన్ను ఎర్రబడి నొప్పి పెడుతుంది. ఇది మగవాళ్ళ జబ్బని వైద్యులే చాలాకాలం నమ్మారు, ఆడవాళ్ళను ఆలస్యంగా గుర్తించడానికి అదొక కారణం. "పని చేస్తే తగ్గుతుంది" అని చెప్పే ఆడమనిషి మాటను మన ఇళ్ళలో ఎలా తీసుకుంటారో నేను విడమరిచి చెప్పనక్కరలేదు.

*

చికిత్స చరిత్ర చదువుతుంటే మనుషులు ఎంత శ్రద్ధగా తప్పుదారిన నడవగలరో తెలుస్తుంది. వాపు ఉన్న కీలుకు విశ్రాంతి ఇవ్వాలన్నది పాత సూత్రం, వినడానికి న్యాయంగానే ఉంటుంది. ఆ న్యాయం ప్రకారమే ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో ఈ రోగులను నెలల తరబడి పడుకోబెట్టారు. వెన్ను వంగిపోకుండా ప్లాస్టరు తొడుగులు వేశారు, ప్లాస్టరు పడకలలో ఉంచారు. వెన్ను వంగకపోవడం మాట అటుంచి, ఎటూ కదలక ఇంకా త్వరగా బిగిసింది. ఆ తరువాత వెన్ను మీద ఎక్స్‌రే కిరణాలు ప్రసరింపజేసే చికిత్స వచ్చింది. నొప్పి నిజంగానే తగ్గేది. 1957లో కోర్ట్ బ్రౌన్, రిచర్డ్ డాల్ బ్రిటనులో ఆ చికిత్స పొందిన 13,000కు పైగా రోగుల వివరాలు పరిశీలించి, వారిలో రక్తపు క్యాన్సరు ఎన్నో రెట్లు ఎక్కువగా ఉందని చూపారు. కిరణాల మోతాదుకూ రక్తపు క్యాన్సరుకూ ఉన్న సంబంధం గురించి ప్రపంచానికి తెలిసిన దానిలో పెద్ద భాగం ఈ మెడ తిరగని మనుషుల వల్లనే తెలిసింది.

రెండో ప్రపంచయుద్ధం తరువాత గాలి మారింది. లండనులో డడ్లీ హార్ట్ వంటి వైద్యులు పడక వద్దు, కదలిక కావాలి అన్నారు. 1949లో హార్ట్, ఆయన సహచరులు ప్రకటించిన పెద్ద పత్రం ఈ మార్పులో ఒక మైలురాయి. అప్పటి నుంచి మందు నొప్పిని తగ్గించడానికి, నొప్పి తగ్గించడం వ్యాయామం చేయగలగడానికి అన్న క్రమం స్థిరపడింది. నమ్మకంగా ఉన్న ఈ మాటకు పరీక్షల బలం 1990లలో చేకూరింది. 1990లో కెనడా వైద్యులు ఇంటి దగ్గర నేర్పించి చేయించిన వ్యాయామం వల్ల మేలుందని చూపారు. 1993లో నెదర్లాండ్స్‌లో, ఒంటరిగా చేసేవారికంటే వారానికోసారి గుంపుగా కూడా చేసేవారు బాగున్నారని తేలింది. ఈ రెండో ఫలితం నాకు ఎక్కువ నచ్చింది. భజన మండలి అయినా, వ్యాయామ మండలి అయినా, పదిమంది ఉంటేనే సాగుతుంది.

ఇంగ్లండులోని బాత్ పట్టణంలో 1738లో స్థాపించిన ఊటనీళ్ళ ఆసుపత్రి ఒకటి ఉండేది. వేడి ఖనిజజలాలలో వాతరోగులను ముంచి లేపడం దాని పని. కాలక్రమాన అది కీళ్ళవ్యాధుల జాతీయ ఆసుపత్రి అయింది. 1994లో ఈ వ్యాధి కొలతలన్నిటికీ బాత్ పేరుతోనే ప్రమాణాలు వచ్చాయి. ఒక ఊరి భూగర్భజలం వాతరోగులకు తీర్థమయింది, ఇంకొక జిల్లా భూగర్భజలం ఆరోగ్యవంతులను వాతరోగులుగా చేసింది. ఇద్దరి పేర్లూ కొలతలకూ టెక్నిక్కులకూ మిగిలాయి.

2000ల ఆరంభంలో వాపును మూలంలో అడ్డుకునే ఇంజెక్షన్లు వచ్చాయి. వాటి ధర మొదట్లో మామూలు మనిషి ఊహకు కూడా అందేది కాదు. 2014 నుంచి భారతీయ కంపెనీలు తక్కువ ధరలో సమానమైన మందులు తయారు చేయడంతో కొంత మెరుగయింది, ఇప్పటికీ చవక అనలేము. ఇవి వచ్చినా వ్యాయామం మానమని ఏ వైద్యుడూ చెప్పడు. ఫ్లోరోసిస్‌కు ఇటువంటి మందు లేదు. అక్కడ నీళ్ళు మార్చడం, తిండి బలపరచడం, నరం నలిగితే శస్త్రచికిత్స, మిగిలిన కదలికను కాపాడుకోవడం, అంతవరకే. అందుకే ఈ రెండింటినీ విడదీసి చూడాలని ఇంతగా చెబుతున్నాను. ఫ్లోరైడు అనుకుని ఇంట్లో కూర్చున్న కుర్రవాడు, పోరాడితే దక్కే మెడను పోరాడకుండానే పోగొట్టుకుంటాడు.

*

చివరగా ఆ మెడ వ్యాయామాలు. వైద్యులు వీటిని మెడను స్థిరపరచే వ్యాయామాలు అంటారు. అసలే బిగుస్తున్న మెడను ఇంకా స్థిరపరచడమేమిటని మొదట నాకూ సందేహం వచ్చింది. స్తంభించడం వేరు, స్థిరంగా ఉండడం వేరు. ఎముకలు అతుక్కుని కదలలేకపోవడం స్తంభన. కండరాలు తలను సరైన చోట నిలిపి, కావలసినప్పుడు కదలనిచ్చి, అక్కరలేనప్పుడు ఆపడం స్థిరత్వం. ఈ వ్యాధిలో తల ముందుకు జారుతుంది, గడ్డం ఛాతీ వైపు దిగుతుంది, అలాగే అతుక్కుంటే మనిషి ఎదుటివారి ముఖం చూడడానికి కూడా మోకాళ్ళు వంచవలసి వస్తుంది. ఎముక అతుక్కోవడాన్ని పూర్తిగా ఆపడం మన చేతిలో లేకపోయినా, ఏ భంగిమలో నిలుస్తుందన్నది కొంతవరకు మన చేతిలో ఉంది. మగ్గం ముందు తల వంచి కూర్చునే పోచంపల్లి వైపు నేతగాడికీ, తాటిచెట్టు కింద నిలబడి మట్టలోకి చూడవలసిన గీత కార్మికుడికీ ఈ కొంతే ఎంతో.

చేసేవి చాలా మామూలు పనులు. గడ్డాన్ని పైకెత్తకుండా, దించకుండా, తలను నేరుగా వెనక్కి తీసుకుని కొన్ని క్షణాలు ఆగడం. మెడ ముందు లోపలివైపు ఉండే చిన్న కండరాలు దీనితో మేలుకుంటాయి. అరచేతిని నుదుటికి ఆనించి, తల కదలకుండా చేతిని నెట్టడం, అలాగే తల వెనుక, రెండు పక్కలా. భుజపు రెక్కలను వెనక్కి దగ్గరగా తేవడం, ఎందుకంటే మెడకు పునాది భుజాలే. వేడి నీళ్ళ స్నానం తరువాత నెమ్మదిగా కుడికీ ఎడమకీ తల తిప్పడం. తట్టుకోగలిగినవాళ్ళు రోజూ కాసేపు బోర్లా పడుకోవడం. ఎత్తు దిండు మానడం. ఒకటి రెండుసార్లు ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని మొదలుపెట్టడం మంచిది. హైదరాబాదు నిమ్స్ దాకా పోలేనివారికి, 2019లో వైద్య తరగతులు మొదలైన బీబీనగర్ ఎయిమ్స్ మోత్కూర్ ఉన్న జిల్లాలోనే ఉంది.

చేయకూడనిది ఒక్కటి గట్టిగా చెప్పాలి. క్షౌరశాలలో గడ్డం గీయడం అయ్యాక తలను రెండు చేతులా పట్టుకుని టక్కున మెడ విరవడం మన దగ్గర మర్యాదలో భాగం. మెడ బిగిసిన మనిషికి అది మర్యాద కాదు, ప్రాణగండం. అతుక్కున్న, గుల్లబారిన మెడ సుద్దకర్రలా విరుగుతుంది. చిన్న దెబ్బకే విరిగి వెన్నుపాము తెగిన ఉదంతాలు వైద్య గ్రంథాలలో కొల్లలు. వెన్ను అతుక్కున్న రోగులకు ఇటువంటి మెడ విరుపులు చేయరాదని అమెరికా కీళ్ళవైద్యుల సంఘం 2015లోనూ 2019లోనూ తన సూచనలలో గట్టిగానే చెప్పింది. కిందపడ్డాక మెడలో కొత్త నొప్పి వస్తే, అది పాత నొప్పేనని సర్దుకోకుండా స్కాను తీయించుకోవాలి. చేతులు తిమ్మిరెక్కినా, నడక తడబడినా అదే మాట, జబ్బు ఏదైనా సరే.

మెడ ఎలా ఉందో తెలుసుకోవడానికి బాత్ వాళ్ళు పెట్టిన కొలతలలో ఒకటి ఇంట్లోనే చేయవచ్చు. గోడకు మడమలూ పిరుదులూ ఆనించి నిటారుగా నిలబడాలి. గడ్డాన్ని పైకెత్తకుండా తలను వీలైనంత వెనక్కి తేవాలి. చెవి రంధ్రం ముందు ఉండే చిన్న మిట్ట దగ్గర నుంచి గోడ వరకూ ఉన్న దూరాన్ని ఇంకొకరు స్కేలుతో కొలవాలి, కుడి ఒకసారి, ఎడమ ఒకసారి. నెలకోసారి చాలు. రాసుకోవడానికి పాత క్యాలెండరు వెనకవైపు సరిపోతుంది, తారీఖు వేయడం మాత్రం మరువకూడదు. ఆ సంఖ్య నెలనెలా పెరుగుతుంటే ఆ కాగితాన్నే మడిచి జేబులో పెట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్ళాలి.